పేరునకు కావలి

సొమ్ము పోయినవాడు సొమ్మునకై వెదకును. పశువు తప్పిపోయినవాడు పశువునకై వెదకును. పేరు పోయినవాడు దేనికై వెదకవలెను? అతని పేరు అతని నోటనే యున్నది. ఇరుగుపొరుగువారు ఆ పేరుతోనే పిలుచుచున్నారు. ఇంటి గుమ్మమున, బడి రిజిష్టరున, ఓటర్ల జాబితాయందు అది చెక్కుచెదరక యున్నది. ఐనను ఎక్కడనో, అతడెన్నడును అడుగుపెట్టని ఊరిలో, అతడెన్నడును చూడని మనిషి యొకడు ఆ పేరుతో అప్పు తీసికొనును. ఆ పేరుతో సిమ్ కార్డు పుచ్చుకొనును. ఆ పేరుతో ఇంకొకరిని మోసగించును. కొన్నాళ్లకు బాకీ నోటీసో, పోలీసువారి పిలుపో ఇంటికి వచ్చును. "ఆ పని చేసినవాడను నేను కాను" అని ఋజువు చేసికొనవలసిన భారము నిరపరాధి నెత్తిన పడును. దొంగ నిశ్చింతగా నుండును. పోగొట్టుకొన్నవాడు సంజాయిషీ చెప్పుకొనుచుండును. తక్కిన దొంగతనములకును దీనికిని గల భేదమిదియే.

ఈ దొంగతనమునకు పెట్టిన పేరు నేటిది. పని మాత్రము ప్రాచీనము. నలదమయంతుల కథ ఎరుగని తెలుగు విద్యార్థి యుండడు. స్వయంవర మండపమున దమయంతి పూలమాల చేతబట్టి నిలిచినది. ఎదుట ఐదుగురు నలులు! ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుని రూపము ధరించి నలుని సరసనే కూర్చుండిరి. పోలికలో వెంట్రుకవాసి భేదము లేదు. దేవతలకు కనురెప్ప పడదనియు, చెమట పట్టదనియు, మెడలోని పూలు వాడవనియు, పాదములు నేలను తాకవనియు ఆమె పెద్దలవలన వినియున్నది. కాని ఆ గురుతులును కానరాలేదు. అప్పుడామె తన సత్యమును సాక్షిగా నిలిపి ఆ దేవతలనే వేడుకొన్నది. వారు దయదలచి తమ చిహ్నములను చూపిరి. మాల నలుని మెడలో పడినది.

మారురూపమున వచ్చినవారు దేవతలు గనుక వేడుకొన్నంతనే గురుతు చూపిరి. నేడు మన ఫోనులో మారుపేరుతో పలుకువాడు అట్టి దయ చూపడు. గురుతులను మనమే వెదకికొనవలెను. ఆ గురుతులేవియో, మన పేరును మనము కాచుకొనుట యెట్లో తెలిసికొనుటకు ముందు, మనుష్యుని ఆనవాలు పట్టుటకై లోకము పడిన పాట్లను కొంచెము స్మరించుట మంచిది.

పదునారేండ్ల వ్యాజ్యము

తూర్పు వంగదేశమున ఢాకాకు సమీపమున భవాల్ అను పెద్ద జమీందారీ యుండెడిది. అందలి రెండవ కుమారుడు రమేంద్రనారాయణ రాయ్ 1909లో డార్జిలింగులో మరణించెననియు, దహనము జరిగెననియు లోకులు నమ్మిరి. పండ్రెండేండ్ల తరువాత, 1921లో, ఢాకా చేరిన సన్యాసి యొకడు ఆ కుమారుడను నేనే యని ప్రకటించెను. సోదరి గుర్తించినది, భార్య కాదన్నది. 1930లో వ్యాజ్యము ఆరంభమైనది. ఇరుపక్షములకును వేయికి మించిన సాక్షులు వచ్చిరి. ఆ మనిషి నడక, మాట, ఒంటిమీది మచ్చలు అన్నియు న్యాయస్థానమున పరీక్షకు నిలిచినవి. 1936లో ఢాకా న్యాయమూర్తి అతడే కుమారుడని తీర్పు చెప్పెను. 1940లో కలకత్తా హైకోర్టును, 1946లో లండనులోని ప్రీవీ కౌన్సిలును ఆ తీర్పునే నిలిపినవి. చివరి తీర్పు వెలువడిన కొలది దినములకే అతడు కన్నుమూసెను.

"నేను నేనే" అను రెండు మాటలను నిలుపుకొనుటకు పదునారు సంవత్సరములు పట్టినవి. అతనికి వకీళ్లను పెట్టుకొను స్తోమత కలదు. వెంట నిలిచిన బంధువర్గము కలదు. అవి లేని సామాన్యుని గతి యేమి? కాదనుటకు వీలులేని ఆనవాలు ఒకటి ప్రతి మనిషికిని ఉండిన బాగుండునని పాలకులు పూర్వమే ఆలోచించిరి. ఆ ఆలోచన ఫలించినదియు ఆ వంగదేశముననే.

వేలిముద్ర కథ

1858లో జంగీపూరులో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయ అధికారి యుండెను. రోడ్డునకు కావలసిన సామగ్రి సరఫరా చేయుటకు రాజ్యధర్ కోనాయి అను కంట్రాక్టరుతో ఒప్పందము వ్రాయించుకొని, అంతటితో తృప్తిచెందక, అతని అరచేతికి రంగు పూయించి ఆ కాగితము వెనుక ముద్ర వేయించెను. "ఈ సంతకము నాది కాదు" అని రేపు అతడు బుకాయింపకుండుటకు చేసిన ఉపాయమది. తరువాత, 1877లో, హుగ్లీ జిల్లాలో పింఛనుదార్లచేతను, దస్తావేజులు రిజిష్టరు చేయించుకొనువారిచేతను వేలిముద్రలు వేయించుట ఆరంభించెను. చనిపోయినవాని పేరు చెప్పి వేరొకడు వచ్చి పింఛను పుచ్చుకొనకుండ చేయుట అతని యుద్దేశము. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసినది. ముద్రలను వర్గీకరించు పద్ధతిని తీర్చిదిద్దుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇద్దరు భారతీయుల కృషి యెన్నదగినది. వేలిముద్ర తొలుత వాడుకలోనికి వచ్చినది ఒకని పేరును మరియొకడు దొంగిలింపకుండుటకే యని మనము గుర్తుంచుకొనవలెను.

మన పల్లెలలో "వేలిముద్రగాడు" అనగా అక్షరము రానివాడని హేళన. పత్రముపై సంతకము చేయలేనివాడు నిశాని వేసెడివాడు. ఆధార్ వచ్చిన తరువాత ఆ హేళనకు అర్థము పోయినది. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రములోని టెంభ్లీ అను పల్లెలో తొలి ఆధార్ సంఖ్యలను పంచిరి. నేడు పట్టభద్రుడును, పామరుడును ఒకే యంత్రముపై వేలు పెట్టుచున్నారు. సంతకమునకు నకలు పుట్టవచ్చును గాని వేలికి నకలు పుట్టదని మనము ధైర్యముగా నుంటిమి.

ఆ ధైర్యమును 2018 జూనులో తెలంగాణలో బయటపడిన యొక సంఘటన కదలించివేసినది. పెద్దపల్లి జిల్లాకు చెందిన సిమ్ కార్డుల వ్యాపారి యొకడు రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులో అందరికిని కనబడుచున్న భూముల దస్తావేజులను తీసికొనెను. వానిపై క్రయవిక్రయదారుల ఆధార్ సంఖ్యలు కలవు, వేలిముద్రలును కలవు. రబ్బరు స్టాంపులు చేయు యంత్రముతో ఆ ముద్రలకు నకళ్లు పోసి, వానిని యంత్రముపై ఒత్తి, వారెవరికిని తెలియకుండ వారి పేర వేల సంఖ్యలో సిమ్ కార్డులను నమోదు చేసెను. అమ్మకపు లెక్క పూర్తిచేసికొనుటకై చేసిన పని యది. పొలము కొనుక్కొన్న రైతు దస్తావేజున వేసిన నిశాని, అతడెన్నడును పోని దుకాణమున సిమ్ కార్డు కొన్నది. దొంగతనమును ఆపుటకు పుట్టిన వేలిముద్ర, నూట యరువది యేండ్లకు తానే దొంగసొత్తు అయినది.

పర్సులోని సంఖ్య

సంఖ్యల కథయు ఇట్టిదే. అమెరికాలో పౌరులకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య యని తొమ్మిది అంకెల గుర్తు ఒకటి యిత్తురు. 1938లో న్యూయార్క్ రాష్ట్రమున లాక్‌పోర్ట్ అను ఊరిలో పర్సులు తయారుచేయు సంస్థ యొకటి, ఈ సంఖ్య గల కార్డు తమ పర్సులో ఎంత చక్కగా ఇముడునో చూపుటకై ప్రతి పర్సులోను ఒక నమూనా కార్డు ఉంచినది. దానిపై వేసిన సంఖ్య కల్పితము కాదు. ఆ సంస్థలో పనిచేయు కార్యదర్శిని యొక్క అసలు సంఖ్య! ఊల్‌వర్త్ దుకాణములలో ఆ పర్సులు దేశమంతట అమ్ముడుపోయినవి. కార్డు అసలు కార్డుకన్న చిన్నది, అక్షరములు ఎర్రనివి, నమూనా యను మాట కూడ దానిపై కలదు. ఐనను కొన్నవారిలో అనేకులు అది తమ సంఖ్యయే యని తలచి వాడుకొన నారంభించిరి. 1943లో ఆ సంఖ్యను వాడుచున్నవారు 5,755 మంది. మొత్తముమీద 40,000 మందికి పైగా ఆ సంఖ్య తమదని చెప్పిరట. 1977లో సైతము పండ్రెండుగురు వాడుచునే యుండిరి. ప్రభుత్వమువారు ఆ సంఖ్యను రద్దుచేసి ఆమెకు వేరొక సంఖ్య నిచ్చిరి. ఆమె చేసిన తప్పు ఏమియు లేదు. ఆ పర్సులు కొన్నవారిలో అధికులకు దురుద్దేశమును లేదు. ఐనను ఒక మనిషి గుర్తు నలుగురిలో పడి ఆమెకే కాకుండ పోయినది.

ఈ మూడు కథలవలన తేలునదేమి? సంతకము, వేలిముద్ర, సంఖ్య ఇవన్నియు ఆనవాళ్లు. ఆనవాలు నలుగురికిని చూపుటకే యున్నది. నలుగురికిని చూపునది రహస్యముగా నుండజాలదు. కొత్త ఆనవాలు కనిపెట్టిన ప్రతిసారియు, ఇక మోసమునకు తావులేదని మనము కావలి మానివేయుచున్నాము. దొంగ అచ్చటనే ప్రవేశించుచున్నాడు. కావున పేరునకు కావలి ఆనవాలు కాదు. దానిని ఎవరికి, ఎందునకు, ఎంతవరకు ఇయ్యవలెనో ప్రతిసారియు విచారించు మన అలవాటే దానికి కావలి.

మూడు తరగతులు

మన వివరములను మూడు తరగతులుగ విభజించుకొనుట తరగతిగదిలో పిల్లలకు చెప్పుటకు సులభము. మొదటిది చెప్పదగినవి: పేరు, చదువుచున్న బడి, ఊరు. ఇవి దాచిన దాగవు. రెండవది అడిగినవానిని చూచి చెప్పవలసినవి: పుట్టిన తేదీ, ఆధార్ సంఖ్య, పాన్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, ఇంటి చిరునామా. వీనిని అవసరమైనచోట ఈయక తప్పదు. అవసరము లేనిచోట ఈయరాదు. మూడవది ఎన్నడును, ఎవ్వరికిని చెప్పరానివి: ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్, కార్డు వెనుకనుండు మూడంకెలు. ఇంటిపేరు అందరికిని చెప్పుదుము. ఇంటి తాళపుచెవి ఎవరికిత్తుము? నిజమైన బ్యాంకు ఉద్యోగికి మన ఓటీపీతో పనిలేదు. అడిగినవాడు ఎంత పెద్ద పదవి పేరు చెప్పినను, అడిగిన క్షణమే అతడు దొంగయని తేలిపోయినది.

రెండవ తరగతి విషయములోనే మనము ఎక్కువగా ఏమరుచున్నాము. పుట్టినరోజు శుభాకాంక్షలకై తేదీని, నెలను, సంవత్సరమును లోకమునకు చాటుదుము. పరీక్ష ఉత్తీర్ణులమైన సంతోషమున మార్కుల పత్రమును, హాల్ టికెట్టును ఫొటో తీసి ఫేస్‌బుక్కున పెట్టుదుము. నెట్ సెంటరులో దరఖాస్తు నింపి, స్కాన్ చేసిన కాగితములను ఆ కంప్యూటరునందే వదలి వత్తుము. చెడిపోయిన జిరాక్సు ప్రతిని అచ్చటనే నలిపి పారవేయుదుము. దొంగ గోడకు కన్నము వేయనక్కరలేదు. మనము జల్లిన గింజలను ఏరుకొనిన చాలును.

దొంగ గురుతులు

మన పేరును దొంగిలించుటకు ముందు వాడు ఇంకొకరి పేరును ధరించి వచ్చును. ఒకనాడు బ్యాంకు అధికారి. ఒకనాడు కరెంటు ఆఫీసు ఉద్యోగి. ఒకనాడు ఉపకారవేతనము మంజూరు చేయు గుమాస్తా. ప్రధానోపాధ్యాయుని ఫొటో పెట్టుకొని, వాట్సాప్‌లో ఉపాధ్యాయులనే సొమ్ము అడుగు మాయావి కూడ కలడు. కొంతకాలముగా పోలీసు వేషము ధరించి వీడియోలో కనబడి, "నీ పేర నేరము నమోదైనది, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, ఫోను పెట్టివేయరాదు" అని గంటలకొలది బెదరించువారు బయలుదేరినారు. అట్టి అరెస్టు మన చట్టములలో ఎచ్చటను లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ఈ విషయమునే హెచ్చరించిరి. ఏ పోలీసు అధికారియు ఫోనులో అరెస్టు చేయడు; ఏ న్యాయస్థానమును ఫోనులో జుల్మానా వసూలుచేయదు.

వేషములు వేరైనను గురుతులు నాలుగే. మొదటిది తొందర: "ఇప్పుడే, ఈ నిమిషముననే" అనుట. రెండవది భయము: ఖాతా మూతపడుననియో, కేసు పడుననియో బెదరించుట. మూడవది ఆశ: బహుమతి, ఉద్యోగము, ఇంటనుండియే సంపాదన అని ఊరించుట. నాలుగవది గోప్యము: "ఇంటిలో ఎవరికిని చెప్పవద్దు" అనుట. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనబడినను ఫోను పెట్టివేయవలెను. పిమ్మట మన పాసుపుస్తకముపైనో, కార్డు వెనుకనో ముద్రించియున్న సంఖ్యకు మనమే ఫోను చేసి విచారింపవలెను. వాడు పంపిన లింకును నొక్కరాదు. వాడిచ్చిన సంఖ్యకు ఫోను చేయరాదు. వాడు చెప్పిన యాప్ దింపుకొనరాదు. నిజమైన పని పది నిమిషములు ఆగిన చెడిపోదు. మోసము మాత్రము ఆగిన చెడిపోవును.

కాచుకొను విధము

ఆధార్ ప్రతి ఈయవలసివచ్చినపుడు, చివరి నాలుగంకెలు తప్ప తక్కినవి కనబడని మాస్క్‌డ్ ఆధార్ చాలునేమో అడిగి చూడవలెను. ఆధార్ సంస్థవారి వెబ్‌సైటున దానిని ఎవరైనను ఉచితముగ తీసికొనవచ్చును. మామూలు ప్రతియే ఈయవలసిన యెడల, "ఫలానా పనికై, ఫలానా తేదీన ఇచ్చితిని" అని దానిపై అడ్డముగా వ్రాసి సంతకము చేయుట మంచి అలవాటు. ఆ కాగితము మరియొక పనికి పోయిన, ఆ వ్రాతయే సాక్ష్యమిచ్చును.

వేలిముద్రకు తాళము వేయు సదుపాయమును ఆ వెబ్‌సైటుననే కలదు. దానినే బయోమెట్రిక్ లాక్ అందురు. తాళము వేసియున్నంత కాలము మన వేలిముద్రకు నకలు ఉన్నను పనిచేయదు. మనకు అవసరమైనపుడు తీసి, మరల వేసికొనవచ్చును. ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉన్న చాలును, ఓటీపీ లేకయే పల్లెలలో ఖాతానుండి సొమ్ము తీయు పద్ధతి యున్నందున ఈ తాళము ముఖ్యము. గడచిన ఆరు నెలలలో మన ఆధార్‌ను ఎప్పుడెప్పుడు వాడిరో కూడ అచ్చట చూచుకొనవచ్చును.

వేలు పెట్టించుకొనువాడు "సరిగా పడలేదు, మరల పెట్టుము" అన్నపుడు, మొదటిసారి ఏమైనదో అడుగవలెను, రసీదు తీసికొనవలెను. పింఛనునకై పోవు తాతకును, ఉపాధి కూలి తెచ్చుకొను తల్లికిని ఈ మాట చెప్పగలవాడు ఇంటిలో చదువుకొనుచున్న పిల్లవాడే. వారివెంట ఒకసారి పోయి రసీదు చదివి వినిపించుట గొప్ప సేవ.

మన పేర ఎన్ని ఫోను సంఖ్యలున్నవో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటున తెలియును. 2021లో మొదట మన తెలుగు రాష్ట్రములవారికే ఆరంభమైన ఈ సదుపాయము తరువాత దేశమంతటికి వ్యాపించినది. మనది కాని సంఖ్య అందు కనబడిన, నాది కాదని అచ్చటనే తెలుపవచ్చును. మన పేర ఎవరైనను అప్పు తీసికొనిరా యనునది క్రెడిట్ నివేదికలో కనబడును. సిబిల్ మొదలైన నాలుగు సంస్థలును ఏడాదికొకమారు పూర్తి నివేదికను ఉచితముగ ఈయవలెనని రిజర్వు బ్యాంకు 2016లో నియమించినది. సంవత్సరాది నాడు పంచాంగములో ఆదాయవ్యయములు వినువారు, ఆనాడే ఈ నివేదికయు చూచుకొనిన అసలు లెక్క తెలియును.

ఫోనులో సిగ్నలు ఉన్నట్టుండి గంటలకొలది పోయినచో, ఎవరో మన పేర మారు సిమ్ తీసికొనిరేమో యని అనుమానించి, ఇంకొక ఫోనునుండి కంపెనీని, బ్యాంకును హెచ్చరింపవలెను. ప్రతి ఖాతాకును వేరు పాస్‌వర్డ్ ఉంచుకొనవలెను. ఒకే తాళపుచెవి పది యిండ్లకు పెట్టినవాడు, ఒక చెవి పోయిన పది యిండ్లును పోగొట్టుకొనును.

అరువిచ్చిన పేరు

దొంగిలింపబడిన పేరును గూర్చి ఇంతవరకు చెప్పితిమి. తానై అరువిచ్చిన పేరును గూర్చి విద్యార్థులకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. "నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు మాకిమ్ము, పాసుపుస్తకము, కార్డు, సిమ్ ఇచ్చిన చాలును, నెలకు కొన్ని వేలు ఇచ్చెదము" అని కళాశాలల చుట్టు తిరుగు దళారులు బయలుదేరినారు. ఆ ఖాతాలోనికి వచ్చునది మోసపోయిన వారి సొమ్ము. సొమ్ము ఎచ్చటికి పోయినదని పోలీసువారు వెదకుచు వచ్చునపుడు మొదట తట్టునది ఆ విద్యార్థి తలుపు. దళారి పేరు ఏ కాగితమునను ఉండదు. విద్యార్థి పేరు ప్రతి కాగితమునను ఉండును. చదువు ముగియకముందే కేసు మొదలగును.

ఈ బుద్ధికి బీజము చిన్ననాడే పడును. రాని మిత్రుని బదులు "హాజరు" పలుకుటతో ఆరంభమై, మరియొకని బదులు పరీక్ష వ్రాయుటవరకు సాగును. స్నేహమున చేసినను, సొమ్మునకు చేసినను, పేరు మార్చి పలుకుట పేరు మార్చి పలుకుటయే. హాజరు పిలుచునపుడు ఉపాధ్యాయుడు తల యెత్తి ముఖము చూచుట చిన్న పని. దానివలన పిల్లలకు అబ్బు పాఠము పెద్దది.

బడి బాధ్యత

మనిషి పేరు ఇల్లు దాటి మొదట చేరు దస్త్రములలో బడి రిజిష్టరు ముఖ్యమైనది. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫొటో అన్నియు ఒకేచోట నుండు పుస్తకము బడిలో కలదు. దొంగకు అంతకు మించిన నిధి లేదు. ఉపకారవేతనముల జాబితాను ఖాతా సంఖ్యలతో సహా గోడకు అంటించుట, తరగతి వాట్సాప్ గుంపులో పిల్లలందరి ఆధార్ సంఖ్యలను ఉంచుట, పాత దరఖాస్తులను చిత్తుకాగితములవానికి తూచి యిచ్చుట మానవలెను. అవసరము లేని వివరము అడుగకుండుటయే మొదటి రక్షణ. అవసరము తీరిన కాగితమును చించివేయుట రెండవది.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, బడిలో చేర్చుకొనుటకు ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని స్పష్టముగ చెప్పియున్నది. అంతకు ముందు సంవత్సరము, 2017 ఆగస్టు 24న, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఆ న్యాయస్థానమే ప్రకటించినది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ వివరముల రక్షణ చట్టము, పిల్లల వివరములను వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనను సూత్రమును చేర్చినది. పిల్లవాని వివరము బడి ఆస్తి కాదు. బడివద్ద ఉంచిన తాకట్టు వంటిది. దానిని భద్రముగ కాపాడుట ఉపాధ్యాయ ధర్మములలో చేరినది.

వ్యక్తి యెంత జాగ్రత్తగ నున్నను సంస్థ ఏమరిన ఫలితము ఏమగునో 2017లో అమెరికా చూచినది. అప్పుల వివరములను భద్రపరచు ఈక్విఫాక్స్ సంస్థనుండి సుమారు 14.7 కోట్ల మంది వివరములు దొంగలపాలైనవి. ఆ లోపమును సరిచేయు సాధనము దొంగతనమునకు ముందే వెలువడినను సంస్థ దానిని సకాలమున వాడలేదు. ఆ కోట్లమందిలో ఎవరును తమ తలుపు తెరచి పెట్టలేదు. పెద్ద కొట్టునకు ఒక తలుపు తెరచియుండుటయే కారణము. బడి చిన్న కొట్టే కావచ్చును. తలుపు మాత్రము తలుపే.

జరిగినయెడల

ఇన్ని జాగ్రత్తలు పాటించినను మోసము జరుగవచ్చును. జరిగినపుడు సిగ్గుపడి దాచుకొనుట రెండవ నష్టము. సొమ్ము పోయినదని తెలిసిన క్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆధార్‌కు సంబంధించిన విషయమైన 1947 సంఖ్యకు చేయవలెను. ఒకటి ఉప్పు సత్యాగ్రహము జరిగిన సంవత్సరము. రెండవది స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరము. చరిత్ర చదివిన విద్యార్థి వీనిని మరువడు. కేంద్ర ప్రభుత్వమువారి సైబర్ నేరముల వెబ్‌సైటునను ఫిర్యాదు వ్రాయవచ్చును. ఎంత త్వరగ తెలిపిన, దొంగ చేతికి చేరకముందే సొమ్మును ఆపుటకు అంత అవకాశము. బ్యాంకుకు ఫోను చేసిన సమయమును, వారిచ్చిన ఫిర్యాదు సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను. బ్యాంకు తప్పును, మన తప్పును కాక బయటివాని మోసమువలన సొమ్ము పోయి, ఆ సంగతి తెలిసిన మూడు పనిదినములలో తెలిపినయెడల ఖాతాదారునకు నష్టము చుట్టరాదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఉత్తరువు చేసియున్నది. ఓటీపీని మనమే చెప్పిన యెడల, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము మనదే.

చట్టము మన పక్షముననే యున్నది. మరియొకని పాస్‌వర్డ్‌ను గాని, తత్సమానమైన ఆనవాలును గాని మోసపుబుద్ధితో వాడినవానికి సమాచార సాంకేతిక చట్టములోని 66సి విభాగము మూడు సంవత్సరముల వరకు కారాగారమును, లక్ష రూపాయల వరకు జుల్మానాను విధించుచున్నది. ఐనను శిక్ష దొంగకు పడునది పట్టుబడిన తరువాత. అంతవరకు పేరు పోయినవాడు కార్యాలయముల మెట్లు ఎక్కి దిగుచునే యుండును. కావుననే ముందు కావలి మేలు.

"పేరు నిలబెట్టుము" అని పెద్దలు పిల్లలను దీవించుట మన యిండ్లలో వాడుక. మంచిపనులు చేసి కీర్తి తెమ్మనుట ఇంతవరకు దాని అర్థము. ఇకమీదట ఆ దీవెనకు ఇంకొక అర్థమును చేర్చుకొనవలసియున్నది: నీ పేరుతో ఇతరులు చెడుపని చేయకుండ కాచుకొనుము. ఉపాధ్యాయులు ఈ వారమే తరగతిలో ఒక గంట దీనికై వినియోగించిన, ఆ సాయంకాలమే నలుబది యిండ్లలో నలుబది కావళ్లు నిలుచును.